పాత డ్రమ్ కిట్‌కి కొత్త ర్యాప్ నేనే వేసుకోవచ్చా?

రెండుకర్రలు
నా దగ్గర ఐదు డ్రమ్ముల కిట్ ఉంది. 22 అంగుళాల బేస్, 12, 13 టామ్‌లు, 16 ఫ్లోర్ టామ్, 14 స్నేర్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని పన్నెండేళ్లు అయింది. మోత ఇప్పటికీ బాగుంది, రూపమే పాడైపోయింది. డ్రమ్ముల చుట్టూ అంటించిన నల్ల ప్లాస్టిక్ షీటు, అదే ర్యాప్, దాని నిండా గీతలు. 13 టామ్ మీద అతుకు దగ్గర ర్యాప్ లేచిపోయి గోరు దూరేంత సందు వచ్చింది. ఫ్లోర్ టామ్‌కి ఎండ తగిలిన వైపు రంగు వెలిసింది. కొత్త కిట్ కొనే ఆలోచన లేదు. వాయించడం నేర్చుకున్నది దీని మీదే, దీన్ని వదలబుద్ధి కావడం లేదు.

ర్యాప్ నేనే మార్చుకుందామని ఉంది. వడ్రంగం రాదు. స్క్రూడ్రైవర్లు, డ్రిల్, ఓపిక ఉన్నాయి. టెన్షన్ అంతా సౌండ్ గురించే. చేసి బాగుపడ్డవాళ్లు, చేసి పాడుచేసుకున్నవాళ్లు ఇద్దరూ చెప్పండి.

ఘోస్ట్‌నోట్
చెయ్యొచ్చు. 12 టామ్‌తో మొదలుపెట్టు. స్నేర్ ఆఖర్న.

పాత_చెక్క
ముందు ఆ ర్యాప్ ఏంటో తేల్చుకోండి. హీట్ గన్ సంగతి ఆ తర్వాత. పాతకాలం డ్రమ్ముల మీద ఉండేది సెల్యులాయిడ్, అంటే సెల్యులోజ్ నైట్రేట్. తొలినాటి సినిమా ఫిల్ములు చేసిందీ దానితోనే. దానికి మంట అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. వేడి చేసి పీకడం, కాల్చి రంధ్రాలు పెట్టడం దానితో అస్సలు పనికిరావు. గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది: లగ్ (డ్రమ్ము పక్కన స్క్రూలతో బిగించి ఉండే లోహపు ముక్క) కింద దాక్కుని ఉండే చోట ఉప్పుకాగితంతో కొంచెం గీకి వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడే. దాన్ని మెత్తబరచడానికి కర్పూరమే కలిపేవారు.

రెండో సంగతి. 50, 60ల నాటి మంచి కిట్ అయితే ర్యాప్ మార్చకండి. గీతలు పడ్డా సరే, ఒరిజినల్ ఫినిష్ ఉన్న పాత డ్రమ్ముని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటారు. ఒకసారి పీకితే అది మళ్లీ రాదు.

రెండుకర్రలు
గీకి చూశాను. మామూలు ప్లాస్టిక్ వాసనే, కర్పూరం ఊసే లేదు. కిట్ 90ల చివరిది, అప్పట్లో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన మోడల్. ఎవరూ వెతుక్కుంటూ రారు. వెతికేది నేనొక్కడినే.

జోడుపెడల్
ఇంత శ్రమ దేనికి బ్రదర్? కార్లకి వేసే వినైల్ స్టిక్కర్ తెచ్చి పాత ర్యాప్ మీదే అంటించేయ్. ఒక్క రోజు పని.

లయకారిణి
జోడుపెడల్ చెప్పింది నేను మూడేళ్ల కిందట చేశాను. మొదటి వారం చాలా బాగుంది. తర్వాత ఒక్కో లోపం బయటపడింది. ఆ వినైల్ చాలా పల్చన. కింద ఏ గీత ఉన్నా, ఇసుక రేణువంత దుమ్ము ఉన్నా పైకి కనిపించేస్తుంది. పాత ర్యాప్ అతుకు లేచి ఉన్న చోట కొత్తది కూడా దాంతోపాటే లేచింది. రెండుకర్రలు గారి 13 టామ్‌కి అదే జరుగుతుంది.

ఇంకో చిక్కు ఉంది. పాత ర్యాప్ మీద ఇంకో మందమైన ర్యాప్ వేస్తే షెల్, అంటే డ్రమ్ము చెక్క గుల్ల, లావెక్కుతుంది. హెడ్ అంటే మనం కొట్టే పొర, దాని లోహపు చుట్టు షెల్ మీదికి వదులుగా దిగాలి. బిగుతుగా దిగితే ట్యూనింగ్ నిలవదు, ఒక వైపు లాగితే ఇంకో వైపు కదలదు. నా 10 టామ్ ఆరు నెలలు అలా ఏడిపించింది. చివరికి రెండూ పీకి మొదటి నుంచి చేశాను.

జోడుపెడల్
హెడ్ పట్టేయడం గురించి ఆలోచించలేదు అక్కా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

మోతమాస్టారు
ఇప్పటికి నాలుగు కిట్లకు ర్యాప్ మార్చాను. పని చేసే వరుసలోనే చెబుతాను.

విప్పే ముందు ప్రతి డ్రమ్ముకీ నాలుగు వైపులా ఫొటో తియ్యండి. బ్యాడ్జ్ ఎటు ఉంది, గాలి రంధ్రం ఎక్కడుంది, టామ్ పట్టుకునే బ్రాకెట్ ఏ లగ్గుల మధ్య ఉంది, అన్నీ కనపడాలి. తర్వాత ఒక్కో డ్రమ్ము సామానుకి ఒక్కో డబ్బా. టామ్ స్క్రూలు, బేస్ స్క్రూలు చూడ్డానికి ఒకటే అనిపిస్తాయి, పొడవులో తేడా ఉంటుంది. పొట్టిది బిగిస్తే పట్టదు, పొడుగుది బిగిస్తే లగ్ లోపల తగులుతుంది. వాషర్లు, లగ్ కింద ఉండే రబ్బరు ముక్కలు కూడా లెక్కపెట్టి పెట్టుకోండి.

లోపల ఒక లగ్ పక్కన పెన్సిల్‌తో బాణం గుర్తు, డ్రమ్ముకి పై వైపు ఏదో గుర్తు పెట్టండి. షెల్ ఖాళీ అయ్యాక పైనా కిందా ఒకేలా ఉంటుంది. మొదటి కిట్‌కి ఈ గుర్తు పెట్టక ఒక టామ్‌ని తలకిందులుగా చుట్టేశాను, డిజైన్ అంతా తలకిందులైంది.

ఇక పీకడం. అతుకు దగ్గర హెయిర్ డ్రయ్యర్ చాలు. జిగురు మెత్తబడగానే లప్పం పట్టీ మెల్లగా దూర్చండి. దూర్చిన పట్టీ చెక్క మీద పడుకున్నట్టుండాలి. లాగేటప్పుడు ర్యాప్‌ని పైకి ఎత్తకండి, షెల్‌ని ఆనుకునేలా వెనక్కి మడిచి లాగండి. పైకి ఎత్తి లాగితే చెక్క పొర కూడా దానితో వచ్చేస్తుంది. కొన్ని కిట్లకు ర్యాప్ మొత్తం జిగురుతో అంటించి ఉంటుంది. కొన్నిటికి అతుకు దగ్గరే, మిగతాదంతా లగ్గులు పట్టి ఉంచుతాయి. మీది రెండో రకం అయితే పది నిమిషాల్లో ఊడి వస్తుంది.

కొలత: చుట్టుకొలతకి అంగుళం కలుపుకోండి, ఒక చివర మీద ఇంకో చివర పడాలి కాబట్టి. 12కి దాదాపు 38 అంగుళాలు, 13కి 41, 16కి 50న్నర, 22 బేస్‌కి 69 పైచిలుకు, వాటి మీద ఆ అంగుళం. షీటు తెచ్చుకునే ముందు బేస్ చుట్టూ ఒక్క ముక్కతో వస్తుందో లేదో చూసుకోండి. రాకపోతే రెండు అతుకులు పెట్టాల్సి వస్తుంది.

ఎత్తులో మాత్రం షెల్ కంటే తక్కువ. హెడ్ ఆనే అంచు వంపు ఎక్కడ మొదలవుతుందో దానికి 3 మిల్లీమీటర్లు ముందే ర్యాప్ ఆగిపోవాలి. పైనా కిందా రెండు వైపులా.

కొలతబద్ద
మాస్టారు చెప్పిన అంకెలు వ్యాసాన్ని 3.14తో గుణిస్తే వచ్చేవి. షీటు కొనడానికి అవి చాలు, కోయడానికి చాలవు. 12 టామ్ అంటే 12 అంగుళాల హెడ్ పట్టే టామ్. హెడ్ వదులుగా దిగాలి కాబట్టి షెల్ దానికంటే కాస్త చిన్నగానే ఉంటుంది. పాత ర్యాప్ తీసేశాక ఇంకా తగ్గుతుంది. అందుకే కాగితం పట్టీ ఒకటి షెల్ చుట్టూ బిగుతుగా చుట్టి, కలిసిన చోట గీత గీసి, దాన్ని పరిచి కొలవాలి. పైన ఒకసారి, కింద ఒకసారి. రెండూ సరిగ్గా సమానంగా రాకపోతే పెద్దదాన్నే తీసుకోవాలి.

పాత ర్యాప్ చిరగకుండా వస్తే పారేయొద్దు. దానికంటే మంచి కొలత ముక్క దొరకదు, రంధ్రాలతో సహా ఉంటుంది. పాత ప్లాస్టిక్ కొంచెం కుంచించుకుపోయి ఉండొచ్చు కాబట్టి పొడవుకి మాత్రం కాగితాన్నే నమ్మండి.

మోతమాస్టారు
కాగితం పట్టీ మాట నిజం. నేనూ అలాగే కోస్తాను, చెప్పడం మరిచాను.

రంగులరాట్నం
అందరూ ర్యాప్ గురించే మాట్లాడుతున్నారు. ర్యాప్ తీసేసి చెక్కకే రంగు వేసుకోవచ్చు కదా? అతుకు బాధ లేదు, కొలతల బాధ లేదు, షెల్ మందం పెరగదు. నా కిట్ అలాగే చేశాను. 120 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 180, 220, ఆఖరికి 320. తర్వాత చెక్క రంగు గుడ్డతో రాసి, పైన పాలీయురెథేన్ పల్చగా ఐదు పూతలు. ఒక్కో పూతకీ మధ్య సన్న ఉప్పుకాగితంతో ఒకసారి తడిమాను. చెక్క నార వెలుగులో కదిలినట్టు కనపడుతుంది. అది ఏ ర్యాప్‌తోనూ రాదు.

ఘోస్ట్‌నోట్
నీది మేపుల్ షెల్. రెండుకర్రలుది ర్యాప్ కోసమే చేసిన షెల్. అలాంటి వాటికి పై పొర అందం కోసం ఎంచినది కాదు. లప్పం పెట్టిన మచ్చలు, ముక్కలు కలిసిన గీతలు, ముదురు రంగు చారలు ఉంటాయి. పైగా జిగురు ఇంకిన చోట రంగు పట్టదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది.

రంగులరాట్నం
చారలు నాకు ఇష్టమే. కానీ జిగురు మాట ఒప్పుకుంటాను. జిగురు ఇంకిపోయి ఉంటే రాసే రంగు కాకుండా పైన కప్పేసే పెయింటే దారి. స్ప్రే వేస్తే ప్రైమర్ ముందు, తర్వాత పల్చటి పూతలు చాలా. ఒకేసారి మందంగా కొడితే కారిపోతుంది. ఎండిందని చేతికి అనిపించినా వెంటనే లగ్గులు బిగించొద్దు. నేను తొందరపడి నాలుగో రోజే బిగించాను, ప్రతి లగ్ కిందా రంగు ముద్దలా నలిగి అచ్చుపడింది. ఆ అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడైతే మూడు వారాలైనా ఆగుతాను.

రెండుకర్రలు
నిన్న 12 టామ్ విప్పాను. ర్యాప్ మొత్తం జిగురుతో అంటించే ఉంది. మూడు వంతులు బాగా వచ్చింది, చివరి వంతులో తొందరపడ్డాను. అరచేయంత మేర చెక్క పై పొర చీలి ర్యాప్‌తో వచ్చేసింది. షెల్ చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఇది పనికొస్తుందా?

లయకారిణి
పనికొస్తుంది. కంగారుపడకండి. ర్యాప్‌కి అంటుకుపోయిన ఆ పొర ముక్క పెద్దదైతే విడదీసి చెక్క జిగురుతో తిరిగి అంటించండి. చిన్న చిన్న పేలికలైతే వదిలేసి, చెక్క లప్పం రెండు విడతలుగా పెట్టండి. మొదటి విడత ఆరాక కుంగుతుంది, అందుకే రెండో విడత. ఆరాక చెక్క ముక్కకి ఉప్పుకాగితం చుట్టి రుద్దండి. వేళ్లతో రుద్దితే గుంటలు పడతాయి. అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని తడమండి. చేతికి తగిలింది ర్యాప్ మీద కంటికీ కనపడుతుంది.

చీలడానికి కారణం చాలాసార్లు దిశే. ఒక వైపు నుంచి లాగితే నార చీలుతుంటే ఆపి, రెండో వైపు నుంచి మొదలుపెట్టాలి.

పాత_చెక్క
రుద్దే ఊపులో బేరింగ్ ఎడ్జ్ జోలికి పోవద్దు. హెడ్ ఆనేది ఆ అంచు మీదే. ర్యాప్ బాగా కుదరకపోతే కళ్లకే ఇబ్బంది, అంచు పాడైతే డ్రమ్మే పాడవుతుంది. షెల్ ఖాళీగా ఉన్నప్పుడే ఒక పరీక్ష చేసేయండి. మందమైన అద్దం పలక మీదో నున్నటి గ్రానైట్ బండ మీదో షెల్‌ని బోర్లించి, లోపల లైటు పెట్టి, గది చీకటి చెయ్యండి. అంచు కింద నుంచి ఎక్కడ వెలుతురు కారుతుందో అక్కడ అంచు కుంగినట్టు. సన్నటి గీతలా కారితే హెడ్ సర్దుకుంటుంది. పేపరు దూరేంత సందు ఉంటే పనివాళ్లకి ఇవ్వండి, చేత్తో అరగదీయొద్దు.

రెండుకర్రలు
చేశాను. 12కి ఏమీ లేదు. 16కి ఒక చోట సన్నటి వెలుతురు కనిపించింది, పేపరు దూరలేదు. లప్పం రెండు విడతలు పెట్టి రుద్దాను. ఇప్పుడు చేతికి ఏమీ తగలడం లేదు. ప్రాణం లేచి వచ్చింది.

మొత్తం జిగురు పెట్టాలా, అతుకు దగ్గర టేపు చాలా?

జిగురుచేతులు
మొత్తం. కాంటాక్ట్ సిమెంట్ అనే జిగురు. రెండు వైపులా పూసి, చేతికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు కలపాలి. జీవితాంతం కదలదు.

మోతమాస్టారు
కదలదు, నిజమే. వంకరగా పడినా కదలదు. తాకిన క్షణం పట్టేస్తుంది, సర్దుకునే వీలు ఉండదు. మొదటిసారి చేసేవాళ్లకి నేను అది చెప్పను. ర్యాప్ కొంచెం మందమైనదైతే మొదలు దగ్గర ఒక పట్టీ, అతుకు దగ్గర ఒక పట్టీ, మంచి పట్టున్న రెండు వైపుల టేపు చాలు. మధ్యలో లగ్ స్క్రూలే పట్టుకుంటాయి. రేపు రంగు మొహం మొత్తితే చెక్క చీలకుండా తీసేయొచ్చు కూడా. ఇప్పుడే కదా ఆ బాధ చూశారు.

జిగురుచేతులు
బిగుతుగా చుట్టకపోతే మధ్యలో గాలి సందు ఉండిపోతుంది. కొట్టినప్పుడు జుర్రుమంటుంది. ఆ మోత నేను విన్నాను.

మోతమాస్టారు
బిగుతుగా చుట్టకపోతేనే. అందుకే ఇద్దరు ఉండాలి అంటాను. ఒకరు షెల్ దొర్లించాలి, ఇంకొకరు షీటు లాగి పట్టుకోవాలి.

కొలతబద్ద
జిగురు వాడేవాళ్లు ఒక తుంపు ముక్క మీద పూసి ఒక రోజు చూడండి. కొన్ని జిగురుల్లోని ద్రావకం కొన్ని ప్లాస్టిక్‌లను ముడతలు పెట్టేస్తుంది. కిటికీలు తెరిచి పెట్టుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

తాళగత్తె
చదువుతూ ఒక అనుమానం. మొత్తం జిగురు పెడితే చెక్క మోగడం తగ్గదా?

ఘోస్ట్‌నోట్
ఆ చర్చ మొదలైతే ఈ థ్రెడ్ ఇంకో పది పేజీలు వెళ్తుంది. నా చెవికి తేడా లేదు. కొత్త హెడ్, పాత హెడ్ మధ్య తేడా దానికి పదింతలు ఉంటుంది.

రంగులరాట్నం
నా చెవికి ఉంది. ర్యాప్ తీసి పల్చగా పూత వేశాక ఫ్లోర్ టామ్ ఎక్కువసేపు పలుకుతోంది.

పాత_చెక్క
అదే రోజు హెడ్లు కూడా మార్చారా?

రంగులరాట్నం
మార్చాను. అవును, అప్పుడు దేని వల్ల అని తేల్చి చెప్పలేను.

జోడుపెడల్
రంధ్రాల గురించి. వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్ లోపలి నుంచి గుచ్చితే వెన్నలా దిగుతుంది. అందరూ అలాగే చేస్తారు.

పాత_చెక్క
వద్దు. సెల్యులాయిడ్ అయితే నిప్పు అంటుకుంటుంది. పీవీసీ అయితే కాలినప్పుడు వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. పైగా రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ ఉబ్బి గట్టు కడుతుంది, లగ్ సమంగా కూర్చోదు.

లోపలి నుంచి పాత రంధ్రంలోకి దబ్బనం పెట్టి మధ్యలో గుచ్చండి. బయట చిన్న మొన కనపడుతుంది. బయటి నుంచి సన్న బిట్‌తో మొదలుపెట్టి, ఆఖరికి కోను ఆకారంలో ఉండే చేతి రీమర్ తిప్పుతూ సరిపడా పెద్దది చెయ్యండి. డ్రిల్‌తో ఒకేసారి పెద్ద బిట్ పెడితే ర్యాప్ పట్టుకుని చిట్లుతుంది. చలిగా ఉన్న గదిలో అయితే ఇంకా త్వరగా చిట్లుతుంది.

రెండుకర్రలు
రీమర్ తెచ్చుకున్నాను. ఒక్కో రంధ్రానికి నిమిషం పట్టింది, ఒక్కటీ చిట్లలేదు. 12 పూర్తయింది! ముదురు ఆకుపచ్చ తళుకు. లగ్గులు బిగించి బల్ల మీద పెట్టి అరగంట చూస్తూ కూర్చున్నాను. అదే ఊపులో 13 కూడా టేపుతో చుట్టేశాను. ఉదయం లేచి చూస్తే అతుకు పై చివర లేచి నిలబడింది. 12కి రాని ఇబ్బంది 13కి ఎందుకు వచ్చింది?

లయకారిణి
రెండు ప్రశ్నలు. అతుకు లగ్గుల వరస కిందికి వచ్చిందా? టేపు అంటించే ముందు కింది పొర నున్నటి మెరుపుని గరుకు చేశారా?

రెండుకర్రలు
12కి అతుకు లగ్గుల కిందికే వచ్చింది. 13కి బ్యాడ్జ్ వెనక వైపు, రెండు వరసల మధ్యలో పడింది. గరుకు చెయ్యడం మాత్రం దేనికీ చెయ్యలేదు.

లయకారిణి
దొరికింది. అతుకు దగ్గర టేపు పట్టుకోవాల్సింది చెక్కని కాదు, ర్యాప్ మెరిసే ముఖాన్ని. దాని మీద ఏ జిగురూ నిలవదు. పై పొర వచ్చి ఆనే అంగుళం మేర 220 ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక కొత్త టేపు వెయ్యండి. రుద్దిన చోటు బయటికి కనపడకూడదు కాబట్టి ముందే కాగితం టేపుతో గీత వేసుకోండి. 12కి లగ్ స్క్రూలు పట్టుకున్నాయి కాబట్టి బతికిపోయింది.

ఇంకోటి, షీటు చుట్ట విప్పగానే వాడకండి. ఎటు వంగాలో దానికి నేర్పాలి. ముందు రోజు రాత్రే గోరువెచ్చగా చేసి, కొంచెం చిన్న షెల్ చుట్టూ చుట్టి తాడు కట్టి వదిలేయండి. 13కి వేసేదాన్ని 12 చుట్టూ. తెల్లారేసరికి ఆ వంపు తిరిగి ఉంటుంది, అతుకు మీద లాగుడు తగ్గుతుంది.

జిగురుచేతులు
అతుకు మీద చదునైన చెక్క పట్టీ పెట్టి, దాని మీద నుంచి సైకిల్ ట్యూబు కోసి బిగుతుగా చుట్టు. ఒక రోజంతా విప్పకు. తాడు ఒక చోటే నొక్కుతుంది, ట్యూబు అంతటా సమంగా నొక్కుతుంది. ఇందులో మాస్టారికీ నాకూ గొడవ లేదనుకుంటా.

మోతమాస్టారు
లేదు. నేనూ ట్యూబే వాడతాను.

తాళగత్తె
నా లగ్గులన్నీ తుప్పు మచ్చలు. కొత్త ర్యాప్ పక్కన అవి ఇంకా పాతగా కనపడతాయేమో?

పాత_చెక్క
అల్యూమినియం ఫాయిల్ ఉండ చేసి నీళ్లలో తడిపి రుద్దండి. క్రోమ్ కంటే అల్యూమినియం చాలా మెత్తన, గీతలు పడవు, పైన పట్టిన తుప్పు ఊడుతుంది. తర్వాత మెటల్ పాలిష్‌తో తుడవండి. క్రోమ్ పెచ్చులు ఊడి కింద లోహం బయటపడ్డ చోట మాత్రం మెరుపు తిరిగి రాదు, నూనె పట్టించి ఆ తుప్పు పాకకుండా ఆపగలం అంతే.

లగ్గులు చేతిలో ఉన్నప్పుడే లోపల స్ప్రింగు ఉందేమో చూడండి. పాత లగ్గుల్లో ఆ స్ప్రింగు కొట్టినప్పుడల్లా సన్నగా మోగుతుంది. చుట్టూ కొంచెం దూది పెడితే ఆగిపోతుంది.

ఘోస్ట్‌నోట్
రంగు మాటకొస్తే, ఒక ర్యాప్ ఎంత దూరం వెళ్తుందో చెప్పాలనిపించింది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1963లో తీసుకున్న లుడ్విగ్ కంపెనీ కిట్ ఫినిష్ బ్లాక్ ఆయిస్టర్ పెర్ల్. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికా టీవీలో కనపడ్డాక ఎందరో పిల్లలు డ్రమ్ములంటే అలాగే ఉండాలనుకున్నారు. టీవీ నలుపు తెలుపు. ఆ ఫినిషూ నలుపు తెలుపే. అందుకే ఆ తెర మీద దాని అందం ఏమీ తగ్గలేదు.

కొలతబద్ద
ఆ పెర్ల్ రకాలతో ఒక జాగ్రత్త. అలల డిజైన్‌కి దిశ ఉంటుంది. షీటు మిగులుతుందని ఒక టామ్‌కి నిలువుగా, ఇంకోదానికి అడ్డంగా కోస్తే వేదిక మీద రెండు వేరే కిట్‌ల డ్రమ్ముల్లా కనపడతాయి. తళుకు రకానికి కూడా కొంత ఇదే వర్తిస్తుంది. అన్ని ముక్కలూ గీసుకున్నాకే మొదటి కోత.

రెండుకర్రలు
13 విప్పి మళ్లీ చేశాను. రుద్దాను, తుడిచాను, ట్యూబు చుట్టాను. అతుకుని లగ్గుల కిందికి తిప్పాను. మూడు రోజులైంది, కదల్లేదు.

16 కూడా అయిపోయింది. దానికి ముందు తాళగత్తె గారి ప్రశ్న గుర్తొచ్చి ఒక పని చేశాను. పాత ర్యాప్‌తో ఉండగా ఫోన్‌లో రికార్డు చేశాను. కొత్త ర్యాప్ వేశాక అవే హెడ్లు బిగించి, అదే స్వరానికి ట్యూన్ చేసి, ఫోన్ అదే చోట పెట్టి మళ్లీ రికార్డు చేశాను. మా అమ్మాయికి ఏది ఏదో చెప్పకుండా ఎనిమిదిసార్లు వినిపించాను. నాలుగుసార్లు సరిగ్గా చెప్పింది, నాలుగుసార్లు తప్పు. నేనైతే అసలు చెప్పలేకపోయాను. 13 మాత్రం మారింది. లేచిన ర్యాప్ చేసే ఆ జుర్రుమనే చప్పుడు పోయింది. అన్నేళ్లూ దాన్ని హెడ్ లోపం అనుకున్నాను.

తాళగత్తె
ఇంత ఓపిగ్గా చూసినందుకు థాంక్స్. నా అనుమానం తీరింది.

రంగులరాట్నం
ఇలా పోల్చి చూడాల్సింది నేను. తర్వాతి డ్రమ్ముకి చేస్తాను.

మోతమాస్టారు
బేస్ దగ్గర ఒక్క మాట. అతుకు నేల వైపుకి ఉండాలి. కాళ్ల బ్రాకెట్లు ఎక్కడ వస్తాయో చూసుకుని వాటి మధ్య పెట్టండి. చుట్టేటప్పుడు నేల మీద దుప్పటి పరిచి దొర్లించండి. ఒక్కరితో కాదు.

హెడ్లు బిగించేటప్పుడు అన్ని రాడ్లూ ముందు వేళ్లతోనే తిప్పండి. తర్వాత ఎదురెదురు రాడ్లు అరచుట్టు చొప్పున. లగ్ స్క్రూలు కూడా మరీ బిగించేయొద్దు, రంధ్రం దగ్గర ర్యాప్ మీద ఒత్తిడి పడి సన్నటి పగులు మొదలవుతుంది.

రెండుకర్రలు
బేస్‌కి మా తమ్ముడు సాయం వచ్చాడు. ఖాళీ షెల్‌ని రాత్రి హాల్లో వదిలేస్తే పిల్లి అందులో కాపురం పెట్టింది. దాన్ని బయటికి రప్పించడానికి ర్యాప్ చుట్టిన దానికంటే ఎక్కువసేపు పట్టింది.

బేస్ చెక్క రిమ్ములకు మధ్యలో పాత నల్ల పట్టీ ఉంది. దాన్నీ మార్చాలా?

లయకారిణి
షీటులో మిగిలిన తుంపు ఉంటే అదే వెడల్పుకి కోసి అంటించండి, షెల్‌కీ రిమ్ముకీ జోడీ కుదురుతుంది. ఇక్కడ మాత్రం టేపు కాదు, జిగురే. రిమ్ముని పట్టి ఉంచే కొక్కేలు (క్లా) ఆనే చోట ఒత్తిడి పడుతుంది, టేపు జారుతుంది. తుంపు చాలకపోతే రిమ్ములకు నలుపు పెయింట్ వేసేయండి. ఆకుపచ్చ పక్కన నలుపు బాగుంటుంది.

ఘోస్ట్‌నోట్
స్నేర్ మిగిలింది. దానికి అడుగు అంచులో ఎదురెదురుగా రెండు చోట్ల లోతు తక్కువ పల్లాలు కనపడతాయి. అవి అంచు లోపం కాదు. స్నేర్ తీగలు హెడ్‌కి ఆనుకుని కూర్చోవడానికి కావాలనే చేసినవి. వాటిని లప్పంతో పూడ్చేసినవాడిని నేను చూశాను. ర్యాప్ కూడా ఆ పల్లాల దగ్గర పైకి పొడుచుకు రాకూడదు. అక్కడ మిగతా చోట్ల కంటే కొంచెం కిందికి కోయాలి.

రెండుకర్రలు
మంచిది, లైటు పరీక్ష చేసినప్పుడు ఆ పల్లాలు చూసి నిజంగానే కంగారుపడ్డాను. పూడ్చలేదు.

పాత_చెక్క
తీగల లివర్ ఉండే చోట కొత్త ర్యాప్ మందం తేడా వల్ల బిగింపు కొంచెం మారుతుంది. లివర్ బిగించాక తీగలు మధ్యకి సరిగ్గా వచ్చాయో లేదో మళ్లీ సర్దుకోండి.

రెండుకర్రలు
ఐదూ అయిపోయాయి. మొదటి స్క్రూ విప్పిన రోజు నుంచి లెక్కేస్తే ఐదు వారాలు, సెలవు రోజుల్లోనే చేశాను. స్నేర్ ర్యాప్ ఒకసారి వంకరగా కోసి ఒక ముక్క పోగొట్టుకున్నాను, అదొక్కటే నష్టం. రిమ్ములకు నలుపే వేశాను. రిమ్ముల రంగు పూర్తిగా గట్టిపడేదాకా ఆగుతున్నాను, అందుకే బేస్ ఇంకా బిగించలేదు. రంగులరాట్నం గారు చెప్పిన లగ్ అచ్చుల మాట మరిచిపోలేదు.

లయకారిణి
ఫొటో చూశాను. టామ్‌ల మీద తళుకు ఒకే దిశలో ఉంది. చాలా శుభ్రంగా వచ్చింది.

జోడుపెడల్
నేను కూడా నా 10 టామ్ విప్పేశాను. స్టిక్కర్ కాదు, ఈ థ్రెడ్ ప్రకారమే. కాగితం పట్టీతో కొలిచి కూర్చున్నా, షీటు ఎల్లుండి వస్తుంది.

ఘోస్ట్‌నోట్
రెండుకర్రలు, ఆ 13 అతుకు ఇప్పుడెలా ఉంది? నెల దాటింది కదా.

రెండుకర్రలు
నిన్న బేస్ బిగించి కిట్ మొత్తం నిలబెట్టి రెండు గంటలు వాయించాను. ఆపాక మీ ప్రశ్న చూసి 13 చుట్టూ వేలితో తడిమాను. అతుకు ఎక్కడుందో లగ్గులు లెక్కపెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది.